మీసాల బ్రాకెట్లు

మొన్న మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్కల మేడం టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, పీహెచ్‌డీ పుస్తకం వర్డుల చేస్తే నడుస్తదా, లేకపోతే గా లేటెక్ నేర్చుకోవాల్నా? మీరు ఎట్ల చేసిండ్రు?" అని అడిగింది. అడగడంలో తప్పేమీ లేదు. లెక్కల్లో పరిశోధన చేసే ప్రతి వాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సందేహమే. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. "రెండూ మంచివేనమ్మా, నీ ఓపికను బట్టి చూసుకో" అని చెప్పి, క్లాసు లేకపోయినా ఉన్నట్టు హాజరు రిజిస్టరు చంకన పెట్టుకుని బయటికి నడిచాను. పిల్లలు జవాబు దాటేస్తే నిలబెట్టి అడిగే మనిషిని నేను. వరండా చివరిదాకా వెళ్లి, మంచినీళ్ల కుండ దగ్గర ఊరికే నిలబడి, తోబా తోబా, ఇంత వయసొచ్చి ఇదేం పారిపోవడమని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పిల్లకు చెప్పని జవాబు ఇక్కడ చెబుతాను. కాస్త పొడుగైనదే, ఓపిక పట్టాలి.

మా ఆయనకు కరీంనగర్‌లో, టవర్ సర్కిల్ వెనక సందులో డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, గల్ఫ్‌కు పోయేవాళ్ల బయోడేటాలు, వేములవాడలో కట్టించిన సత్రం గదికి దాతల పేర్లు, అన్నీ ఆయన దగ్గరే. నిఖా కార్డు ఉర్దూలో ఎంత అందంగా కూరుస్తాడో, హిందువుల పెళ్లి కార్డు అంతకంటే శ్రద్ధగా కూరుస్తాడు. పైన 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' ఎక్కడ పడాలో, ఇంటి దేవుడి పేరు ఎడమన రావాలో కుడిన రావాలో, చనిపోయిన తాతగారి పేరు ముందు ఏమి రాయాలో ఆయనకు కొట్టిన పిండి. "అన్నా, నీకే వదిలిపెడుతున్నం" అని పెళ్లిపెద్దలు కుర్చీలో కూలబడితే చాలు, ఆయన చేతివేళ్లు కీబోర్డు మీద పరుగెత్తేవి. ఒక అక్షరం కిందికి జారినా ఒప్పుకునేవాడు కాదు. కళ్లు చిన్నవి చేసి, తెర మీద ముక్కు ఆనేంత దగ్గరికి పోయి, ఖాళీ వదిలే స్పేస్ బటన్ ఒక్కసారి తట్టి, "ఇగ ఇప్పుడు సూడు" అనేవాడు. నిజంగానే అప్పుడు కార్డు కుదురుకునేది.

ఆయన చదువు ఇంటర్ దగ్గర ఆగింది. నేను ఎమ్మెస్సీ. మా నిఖా ఖాయమైనప్పుడు జమ్మికుంటలో పత్తి వ్యాపారం చేసే మా మామూ, అంటే మా అమ్మ తమ్ముడు, నలుగురిలో నవ్వుతూనే, "పిల్ల లెక్చరర్ అయితది, పిలగాడు కార్డులు అచ్చేసుకుంట కూసుంటడు. జోడీ మంచిగ కుదిరింది పో" అన్నాడు. పెళ్లయిన తర్వాత కూడా ఎప్పుడు కలిసినా, "ఏం కార్డుల సాబ్, ధందా ఎట్లున్నది?" అని పలకరించేవాడు. మా ఆయన పళ్లికిలించి ఊరుకునేవాడు. ఆ నవ్వు ఎక్కడిదాకా పోయి ఆగుతుందో నాకు తెలుసు. అందుకే నేను పీహెచ్‌డీకి చేరిన రోజే ఆయన ఒక మాట తీసుకున్నాడు. ఇంట్లో మా మాట సగం దక్కనీ ఉర్దూ, సగం తెలుగు. "సునో, నీ థీసిస్ నా షాపులనే తయారు కావాలె. లెక్కలు నువ్వు చెయ్యి, పేజీలు నేను కడ్త. మీ మామూ ముందట పెడ్దాం" అన్నాడు. సరేనన్నాను. పుస్తకం సంగతి నాకెంతో, తన ఇజ్జత్, పరువు సంగతి ఆయనకంత.

మొదటి రెండు అధ్యాయాలు ఆయనే వర్డులో కొట్టాడు. భిన్నాలు, వర్గమూలాలు, గ్రీకు అక్షరాలు, ఏమిటో తెలియకపోయినా పెళ్లి కార్డులో లతలూ కలశాలూ పేర్చినట్టు ఒక్కొక్కటీ ఏరుకుని పేర్చాడు. చూడముచ్చటగా వచ్చాయి. శీర్షికలు నల్లగా, లావుగా. విషయసూచికలో పేరుకూ పేజీ నంబరుకూ మధ్య చుక్కలు, ఆ చుక్కలన్నీ చేత్తో తట్టినవే. సమీకరణాల నంబర్లూ చేత్తో వేసినవే. ఇదంతా తీసుకుని యూనివర్సిటీకి పోతే మా గైడుగారు తిరగేసి, మొదటి అధ్యాయం మొదట్లోనే ఒక సమీకరణం కలపమన్నారు. ఒక్కటే కదా అనుకున్నాను. ఆ ఒక్కటి దూరేసరికి దాని కింద ఉన్న నంబర్లన్నీ ఒకటి చొప్పున జరగాలి. 'ఫలానా నంబరు సమీకరణం ప్రకారం' అని రాసిన ప్రతి చోటా నంబరు మారాలి. మా ఆయన కూర్చుని మార్చాడు. కొన్ని మారాయి, కొన్ని మారలేదు. మళ్లీ పోతే గైడుగారు ఒక పేజీ మీద వేలు పెట్టి, "అమ్మా, ఇక్కడ రుజువుకు ఆధారమని చెప్పిన సమీకరణానికీ, దీనికీ సంబంధమే లేదు. ఇట్లా కాదు. లేటెక్‌లో చెయ్యండి, నంబర్లు అదే చూసుకుంటుంది" అన్నారు. మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. గైడుగారు నాతోనే మాట్లాడారు, ఆయన వైపు చూడలేదు కూడా. బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు, "గదేందో నువ్వే నేర్సుకో. షాపుల గా సాఫ్ట్‌వేర్ లేదు" అని కిటికీ వైపు తిరిగాడు.

కాలేజీ ల్యాబులో నేర్చుకున్నాను. ఈ రెండింటికీ తేడా ఏమిటంటే, వంటింటి భాషలో చెబుతాను. వర్డులో రాయడం పూరీలు వేయించడం లాంటిది. పొంగడం కనిపిస్తూనే ఉంటుంది, ఎర్రబడితే తిప్పుకుంటాం, మాడితే తీసి పారేస్తాం. లేటెక్ దమ్ బిర్యానీ. ఏది ముందో ఏది వెనకో చెప్పి, పొరలు వేసి, మూత చుట్టూ పిండి మెత్తి పొయ్యి మీద పెట్టాలి. దింపి మూత తీసేదాకా లోపల ఏం జరుగుతోందో తెలియదు. అందులో 'దీన్ని లావుగా చెయ్యి' అని అడగం. 'ఇది శీర్షిక', 'ఇది సిద్ధాంతం', 'ఇక్కడ రుజువు మొదలు', 'ఇక్కడ ముగింపు' అని చెబుతాం. చెప్పడానికి కొన్ని గుర్తులున్నాయి. వెనక్కి వాలిన గీత ఒకటి, దాని పక్కన ఇంగ్లిషు ముక్క, తర్వాత మీసాల్లా వంకర తిరిగిన బ్రాకెట్లు, లెక్క వచ్చిన చోటల్లా అటొకటీ ఇటొకటీ డాలరు గుర్తు. తెర మీద చూస్తే మనిషి రాసినట్టే ఉండదు. మీసాల బ్రాకెట్ ఒకటి తెరిచి మూయకపోతే మొత్తం ఆగిపోయి, ఫలానా వరుసలో తప్పుందని పోలీసులా నిలదీస్తుంది. అన్నీ సరిపడితే మాత్రం, యా అల్లా, బయటికి వచ్చిన పేజీని ముద్దు పెట్టుకోవాలనిపిస్తుంది. మధ్యలో కొత్త సమీకరణం పెడితే మిగతా నంబర్లన్నీ వాటంతటవే జరుగుతాయి. పుస్తకం మొత్తం అందులోకి మార్చుకున్నాను. మా ఆయన ఏ రోజూ అడగలేదు, నేను చూపించలేదు.

గడువు ముంచుకొచ్చింది. ఆ వచ్చే సోమవారం పుస్తకం ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. గైడుగారు చెప్పిన ఆఖరి దిద్దుబాట్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలులోనే చేశాను. దాన్ని పుస్తకం రూపంలోకి దింపుదామనుకునేలోపు కాలేజీలో కరెంటు పోయింది. అదే సమయానికి లక్సెట్టిపేట నుంచి ఫోను. మా చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. పెన్‌డ్రైవ్ ఎక్కడ పారేసుకుంటానో అని షాపు సొరుగులో పెట్టి, "అజీ, ఇది ఉండనీయండి, వచ్చి చూసుకుంటా" అని చెప్పి బస్సెక్కాను. చెల్లెలికి ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. గోదావరి గాలికో, పసిపిల్ల వాసనకో, నాకు థీసిస్ గుర్తే రాలేదు.

తిరిగి వచ్చేసరికి పెళ్లిళ్ల సీజన్లో షాపు షట్టరు సగం దించి ఉంది. లోపల మా ఆయన ఒక్కడే, గడ్డం మాసిపోయి, మొహం మాత్రం రంజాన్ నెలవంక చూసిన పిల్లాడిలా వెలిగిపోతోంది. "కూసో" అని స్టూలు లాగాడు. "నువ్వు చెప్పనేలే గని, నీ ఫైలు మొత్తం ఖరాబైంది. ఒక్కపారి ఎట్లుందో సూద్దామని తెరిచిన. ఫాంటు ఎగిరిపోయింది. అంత కచరా! గీతలు, వంకర బ్రాకెట్లు. పేజీ పేజీకి డాలర్లే! మా తమ్ముడు కువైట్ల ఉన్నడు, దినార్లు వచ్చినయంటే నమ్ముదును, డాలర్లు యాడికెల్లి వచ్చినయి? నువ్వు పరేషాన్ అయితవని ఫోన్ చెయ్యలే. అంత సాఫ్ చేసిన." తెర నా వైపు తిప్పాడు. నా ఐదు అధ్యాయాలూ వర్డులో, తెల్లగా, శుభ్రంగా, ఒక్క గుర్తు కూడా లేకుండా, అంచులు రెండు వైపులా కోసినట్టు సమంగా.

ఆయనను తప్పు పట్టడానికి లేదు. ఆయన పనిలో అది రోజూ జరిగేదే. జగిత్యాలలో ఒక ఫాంటులో కొట్టిన తెలుగు మ్యాటరు ఇక్కడ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలకు బదులు గీతలూ బ్రాకెట్లూ డాలర్లూ కనిపిస్తాయి. అలాంటి మ్యాటరును బాగుచేయడంలో ఆయనకు ఊళ్లో పేరుంది. నా ఫైలుకూ అదే రోగమనుకున్నాడు. రోగం కుదర్చడానికి పెళ్లి కార్డుల వాళ్లను పక్క షాపుకు పంపించి మరీ కూర్చున్నాడు. కుదిర్చి, దాన్నే నా పెన్‌డ్రైవ్‌లో పాతదాని మీద ఎక్కించేశాడు. కాలేజీలో ఉన్నది ఎప్పటిదో సగం ప్రతి. నోరు తెరిచాను. ఆయన మొహం చూశాను. "చాలా మంచిగుంది" అన్నాను. "మరేమనుకున్నవ్?" అంటూ అక్కడికక్కడే జమ్మికుంటకు ఫోను కలిపాడు. "మామూ, నీ మేనకోడలు పుస్తకం మన షాపులనే తయారైంది. నాల్గు రోజుల సూపిస్త."

మా బంధువుల్లో ఆ కబురు ఇల్లిల్లూ తిరిగింది. నేను సెలవు పెట్టి, పెట్టలేదని ఇంట్లో చెప్పి, కాలేజీ ల్యాబులో కూర్చున్నాను. ఆయన శుభ్రం చేసిన పేజీల్లో ఏ గుర్తు ఎక్కడ ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. సగం గుర్తు రావడం లేదు. కింద ఉండాల్సిన అంకె పక్కకొచ్చి కూర్చుంది, భిన్నం విడిపోయి రెండు వరుసలైంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అవి గడువు గురించో, ఆయన గురించో నాకే తెలియదు.

రెండో రోజు మధ్యాహ్నం వెనక నుంచి అన్నం గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడైంది. స్టాఫ్‌రూములో లేనని ఎవరో చెబితే మా ఆయన వెతుక్కుంటూ ల్యాబుకు వచ్చాడు. ఆయన నా వైపు చూడడం లేదు, తెర వైపు చూస్తున్నాడు.

"గిది నేను తీసేసిన కచరానే కద?"

"ఊఁ."

"మల్ల పెడుతున్నవా?"

"అజీ, అది కచరా కాదు. అది అట్లనే ఉండాలె."

"మరి మొన్న మంచిగుందంటివి?"

ల్యాబు చూసుకునే ఆయన అటు తిరిగి ఫ్యాను స్విచ్చి సర్దుతున్నట్టు నటించాడు. మా ఆయన చెవుల నుంచి మెడదాకా ఎర్రబడింది. "ఊరంత చెప్పిన్నే నేను" అన్నాడు, మెల్లగా. నా మీద అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. గిన్నె మూత సరిగా పడిందో లేదో ఒకసారి ఒత్తి చూసి, వెళ్లిపోయాడు. నాకు అన్నం సహించలేదు. సిగ్గుతో భూమిలోకి కుంగిపోవడమంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది.

కాసేపటికి మళ్లీ వచ్చాడు, చంకలో కాగితాల కట్టతో. డీటీపీ వాళ్లకు ఒక పద్ధతుంది. ఎంత చెత్త మ్యాటరైనా నేరుగా తెర మీద దిద్దరు. ముందు ఉన్నదున్నట్టు ప్రూఫు తీసి, తీసేయాల్సిన దాని మీద ఎర్రపెన్నుతో గీత కొట్టి, ఆ తర్వాత దాన్ని చూసుకుంటూ దిద్దుతారు. నా ఫైలుకూ అలాగే చేశాడట. ప్రతి గీతా, ప్రతి బ్రాకెట్టూ, ప్రతి డాలరూ ఆ కాగితాల మీద ఉన్నాయి, ఒక్కొక్కదాని నడుం మీద ఆయన ఎర్రగీత ఉంది. స్టూలు నా పక్కకు జరుపుకుని, గొంతు సవరించుకున్నాడు. "నేను సదువుత. నువ్వు కొట్టు" అన్నాడు.

ఆ గుర్తుల పేర్లు ఆయనకు తెలియవు. తోచిన పేర్లు పెట్టుకున్నాడు. "వాలుగీత, బిగిన్. మీసాల బ్రాకెట్ తెరువు. థియరం. మీసాల బ్రాకెట్ ముయ్యి. డాలరు. వాలుగీత, ఫ్రాక్..." అలా చదువుతూ పోయాడు, తన చేత్తో కొట్టేసిన ఒక్కొక్కదాన్నీ తన నోటితో. మధ్యలో ఎక్కడో ఆగి, "బిగిన్ అన్న ప్రతి దానికి కింద ఎండ్ ఉన్నదే! మొదలుపెట్టింది ముగించాలె, అంతే కద దీని కత?" అన్నాడు. అంతే అన్నాను. "గీ ముక్క ముందుగాల చెప్తే ఏం పోయేదే?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నేను తల ఎత్తలేకపోయాను. ల్యాబు ఆయన టీ తెప్పించి ఇచ్చాడు. చీకటి పడేదాకా చదివాడు, మర్నాడూ వచ్చి చదివాడు, గొంతు బొంగురుపోయింది. ఆఖరి ఎండ్ దగ్గర మీసాల బ్రాకెట్ మూశాక బటన్ నొక్కాను. పేజీలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఆయన ముక్కు ఆనేంత దగ్గరికి వంగి, అంచుల నుంచి అంచుల దాకా చూసి, "తట్టేటందుకు ఏం లేదు" అన్నాడు. సోమవారం పుస్తకం ఇచ్చేశాం.

కథ అక్కడితో అయిపోతే నాకు చెవులు వేడెక్కే పని లేకపోయేది. కొన్ని నెలలకు మౌఖిక పరీక్ష. యూనివర్సిటీలో అది అందరూ కూర్చుని వినేదే కాబట్టి మా వాళ్లూ వచ్చారు. జమ్మికుంట నుంచి మామూ కొత్త షేర్వాణీ వేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. మా ఆయన ఆఖరి వరుసలో, తలుపు పక్కన. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు నా సిద్ధాంతాలను నాలుగు వైపుల నుంచీ గుచ్చి, చివరికి సంతృప్తిగా పుస్తకం మూయబోయి, మళ్లీ తెరిచి, "అమ్మా, పేజీలు చాలా అందంగా కూర్చారు. ఎవరు చేశారు?" అన్నారు. నాకు మామూ తల కనిపించింది. ల్యాబులో ఎర్రబడిన మెడ గుర్తొచ్చింది. ఇదే సందు అనుకున్నాను. "మావారు, సార్. కరీంనగర్‌లో ఆయనకు షాపుంది, అక్కడే చేశారు" అన్నాను. హాలంతా చప్పట్లు. మామూ కూడా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. దండం పెడతాడనుకున్నాను.

"లే సార్, నేను చెయ్యలే" అన్నాడు. "నేను మొత్తం ఖరాబ్ చేసిన. గా మీసాల బ్రాకెట్లు కచరా అనుకొని అన్ని తీసేసిన. ఆమెనే కూసొని మల్ల పెట్టుకున్నది. నేను సదివి చెప్పిన, గంతే."

హాలు ఘొల్లుమంది. పరీక్షకుడు కూడా పగలబడి నవ్వి, "చదివి చెప్పడం చిన్న పనా నాయనా!" అన్నారు. అందరూ ఆయనను మెచ్చుకునే నవ్వే నవ్వారు. బల్ల ముందు నిలబడ్డ నేను మాత్రం ఎటు చూడాలో తెలియక పుస్తకం అట్ట వైపు చూశాను. రుజువు లేకుండా ఒక్క మాట చెప్పకూడదని అప్పటిదాకా వాదించిన నోటితోనే నిండు సభలో అబద్ధం చెప్పాను, చెప్పిన నిమిషానికే దొరికిపోయాను. దొరకబుచ్చుకున్నది ఎవరి కోసం చెప్పానో ఆయనే.

కిందికి దిగేటప్పుడు మెట్ల మీద అడిగాను. "ఎందుకు చెప్పిండ్రు? మామూ ముందట మీ ఇజ్జత్ నిలబడేది కద?"

ఆయన ఒక మెట్టు కింద ఆగి వెనక్కి చూశాడు. "షాపుల ఒకపారి, ఇక్కడ ఒకపారి, నువ్వు నా ఇజ్జత్ రెండుసార్లు కాపాడినవే. రెండుసార్లు గుడ నన్ను ఒక్క మాట అడగలే" అన్నాడు. అని, మామూకు సమోసాలు అందాయో లేదో చూడాలని గబగబా దిగిపోయాడు.

ఆ రోజు బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి హాయిగా నిద్రపోయాడు. నేను కరీంనగర్ వచ్చేదాకా మేలుకునే ఉన్నాను. ఆయన ఇప్పుడు ఆ సంగతి షాపుకొచ్చిన వాళ్లకు తానే చెప్పి నవ్విస్తాడు. కాలం గడిస్తే సిగ్గు పలచబడుతుందంటారు, ఆయనది అలాగే పలచబడింది. నాది మాత్రం ఆ మెట్ల మీది మాట ఏడాదికి ఇంత చొప్పున అర్థమవుతున్న కొద్దీ చిక్కబడుతోంది.